మతం మారని విద్యార్థి ఇచ్చిన సాక్ష్యం

1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభ మత స్వాతంత్ర్యపు అధికరణాన్ని చర్చించింది. ముసాయిదాలో అది 19వది. నేడు మనం 25వ అధికరణంగా ఎరిగినది. మతాన్ని విశ్వసించడం, ఆచరించడం గురించి పెద్ద పేచీ లేదు. పేచీ అంతా 'ప్రచారం' అనే ఒక్క మాట దగ్గర వచ్చింది. ఒరిస్సా సభ్యుడు లోక్‌నాథ్ మిశ్రా ఆ హక్కును తీవ్రంగా వ్యతిరేకించారు. దాన్ని సమర్థించినవారిలో మద్రాసు సభ్యుడు టి.టి. కృష్ణమాచారి ఒకరు. తాను సుమారు పద్నాలుగేళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదువుకున్నాననీ, తనను మతం మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదనీ, మన ఆదర్శాల మీదా దృక్పథం మీదా క్రైస్తవం చూపిన ప్రభావం తనకు తెలుసుననీ ఆయన సభకు చెప్పారు. చివరికి ఆ మాట రాజ్యాంగంలో నిలిచింది.

కళాశాల విద్యార్థుల మధ్య సాగిన క్రైస్తవ పరిచర్య ఈ దేశంలో ఏం సాధించిందని ప్రశ్నించేవారు సాధారణంగా బాప్తిస్మాల పట్టీ తిరగేస్తారు. మిషనరీలు ఆ పట్టీ చూసి నిరుత్సాహపడ్డారు. వారి ప్రత్యర్థులు అదే పట్టీ చూసి కలవరపడ్డారు. ఉభయులూ తప్పు లెక్క చూశారని నా అభిప్రాయం. ఆ పరిచర్య ఫలితాలు మరో రెండు చోట్ల కనిపిస్తాయి. మతం మారని విద్యార్థుల్లో అది స్వీయ పరిశీలనను రేపింది. మారినవారికీ, క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవారికీ తమ గురువులనే నిలదీసే ధైర్యమిచ్చింది. ఈ రెండు పాయలూ వచ్చి కలిసింది మన రాజకీయ జీవితంలోనే.

కథ 1830లో కలకత్తాలో మొదలవుతుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన అలెగ్జాండర్ డఫ్ రామ్మోహన్ రాయ్ సహాయంతో అక్కడ ఒక ఇంగ్లీషు పాఠశాల తెరిచారు. పాశ్చాత్య విద్యను, బైబిలును కలిపి బోధిస్తే అగ్రవర్ణ యువకుల విశ్వాసాలు వాటంతటవే కూలిపోతాయన్నది ఆయన అంచనా. 1832లో డెరోజియో అనుయాయి కృష్ణమోహన్ బెనర్జీ ఆయన చేతుల మీదుగా బాప్తిస్మం పొందినప్పుడు నగరం అట్టుడికింది. అయితే అటువంటి సంఘటనలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. వాటిని మించినది వాటి ప్రతిధ్వని. మతం మారిన యువకుడికి వారసత్వపు ఆస్తి దక్కుతుందా అన్న ప్రశ్న కుటుంబాలను దాటి చట్టసభకు చేరింది. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని 1850 నాటి కుల అనర్హతల తొలగింపు చట్టం స్పష్టం చేసింది. దానికి నిరసనగా బెంగాలు, మద్రాసు హిందువులు అర్జీలు పెట్టుకున్నారు. కంపెనీ పాలనలో ప్రజలు సంఘటితంగా అర్జీ రాయడం నేర్చుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి.

మద్రాసులో ఈ ప్రతిఘటనకు ముందు నిలిచినవారు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన 1844లో 'క్రెసెంట్' పత్రికను నడపడానికి మిషనరీల పట్ల అధికారులు చూపే పక్షపాతమే ముఖ్య కారణం. 1852లో ఆయన నాయకత్వంలోనే మద్రాస్ నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. రైతు మీద పన్నుల భారం, వసూళ్లలో చిత్రహింసలు వంటి విషయాలను ఆ సంస్థ బ్రిటిష్ పార్లమెంటు దాకా తీసుకెళ్లింది. మత ప్రచారం మీద మొదలైన ఆగ్రహం రైతు సమస్య మీద రాజకీయంగా పరిణమించింది. అదే 1852లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పాఠశాల విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం పొందగా, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించడంతో పాఠశాల దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి పిల్లలు తిరిగి వచ్చారు. చదువు కావాలి, మతం అక్కరలేదు అన్న బేరం ఆనాటి నుంచీ మన మధ్యతరగతికి అలవాటైంది.

ఆ బేరాన్ని అంగీకరించి, దానికి ఒక సిద్ధాంత రూపమిచ్చినవారు విలియం మిల్లర్. 1862లో మద్రాసు వచ్చి, తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీని తీర్చిదిద్దిన ఆయన, కళాశాల పని వ్యక్తులను మతం మార్చడం కాదనీ, సమాజపు ఆలోచనలో క్రైస్తవ విలువలు నెమ్మదిగా ఇంకేలా చేయడమనీ వాదించారు. స్వదేశంలో విరాళాలిచ్చేవారికి ఇది రుచించలేదు. కానీ ఆ కళాశాల తరగతి గదిలో ఒక కొత్త సన్నివేశం సాధ్యమైంది. 20వ శతాబ్దపు తొలి దశకంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ తత్వశాస్త్రం చదివారు. వేదాంతంలో నైతికతకు చోటు లేదన్న మిషనరీ విమర్శ ఆయనను గాయపరిచింది. జవాబు వెతుక్కుంటూ 1908లో వేదాంత నీతి మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశారు. దాన్ని మెచ్చుకున్న ఆచార్యుడు ఎ.జి. హాగ్ స్వయంగా మిషనరీయే. తన మతాన్ని ఖండించే శిష్యవాదనకు మంచి మార్కులు వేయగల గురువు, గురువును ఖండిస్తూ తన సంప్రదాయాన్ని తిరిగి చదువుకున్న శిష్యుడు: ఈ ఇద్దరి మధ్య జరిగినది ఏ బాప్తిస్మపు పట్టీకీ ఎక్కదు.

ఇక రెండో పాయ. 1886లో అమెరికాలోని మౌంట్ హెర్మన్‌లో జరిగిన విద్యార్థి సభలో నూరుమంది యువకులు విదేశీ సువార్త సేవకు పేరిచ్చారు. వారిని ప్రేరేపించిన రాబర్ట్ వైల్డర్ మన కొల్హాపూర్‌లో పుట్టిన మిషనరీ కుమారుడు. ఆ నూరుగురిలో ఒకరైన జాన్ మాట్ 1895లో స్వీడన్‌లోని వాడ్‌స్టెనాలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య స్థాపనకు నాయకత్వం వహించి, ఆ వెంటనే భారతదేశపు కళాశాల పట్టణాల్లో పర్యటించారు. తమ తరంలోనే ప్రపంచమంతటికీ సువార్త అందాలన్న వారి నినాదంలో సామ్రాజ్య యుగపు ఆత్మవిశ్వాసం లేకపోలేదు. వారి సభల్లో తయారైన భారతీయ శిష్యులు మాత్రం ఆ ఆత్మవిశ్వాసాన్ని యథాతథంగా స్వీకరించలేదు.

తిరునెల్వేలి జిల్లాలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాది యువకుల మధ్య పనిచేశారు. 1905లో, బెంగాలు స్వదేశీ ఉద్యమంతో మండుతున్న వేళ, శ్రీరాంపూర్‌లో ఆయన, ఆయన సహచరులు నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు భారతీయులే, డబ్బు భారతీయులదే, యాజమాన్యమూ భారతీయులదే అన్నది దాని నియమం. స్వదేశీ అన్న మాట వస్త్రానికే పరిమితం కాలేదన్నమాట. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన, పాశ్చాత్య మిషనరీలు భారతీయ సహోద్యోగులతో సమానులుగా మెలగడం లేదనీ, మాకు కావలసినది దాతృత్వం కాదు, స్నేహమనీ నిర్మొహమాటంగా చెప్పారు. సభ ఇబ్బందిగా కదిలింది. రెండేళ్ల తర్వాత ఆయన ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన పీఠం నిజాం రాజ్యంలోని దోర్నకల్. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని మాల, మాదిగ పల్లెల మధ్య మూడు దశాబ్దాలకు పైగా జీవించి, 1945లో కన్నుమూశారు. ఇంగ్లీషు చదివిన విద్యార్థుల నుంచి అక్షరం రాని కూలీల వద్దకు ఆయన చేసిన ప్రయాణం, డఫ్ అంచనాను తలకిందులు చేసింది. మార్పు పైనుంచి కిందికి దిగుతుందని డఫ్ ఆశించారు. అది కిందినుంచే వచ్చింది. ఆ మార్పు గురించి 1930ల్లో గాంధీజీకీ అజరయ్యకూ మధ్య తీవ్రమైన భేదాభిప్రాయం ఏర్పడింది. పేదవాడికి తన మతాన్ని తాను ఎంచుకునే వివేకం ఉందా లేదా అన్నదే దాని సారాంశం. ఉందని అజరయ్య నమ్మారు.

అదే అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. ఆయన సహచరుడు, 1916లో వై.ఎం.సి.ఎ. తొలి భారతీయ జాతీయ కార్యదర్శి అయిన కె.టి. పాల్ మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలోనూ, అదే ఉద్యమం నుంచి వచ్చిన ఎస్.కె. దత్తా రెండో సమావేశంలోనూ ఉమ్మడి పౌరసత్వం వైపే మొగ్గారు. క్రైస్తవ నాయకులందరూ వారితో ఏకీభవించలేదు. 1932 కమ్యూనల్ అవార్డు ప్రత్యేక స్థానాలు ఇచ్చింది కూడా. అయినా 1949లో మత అల్పసంఖ్యాకుల రిజర్వుడు స్థానాలను వదులుకునే నిర్ణయం జరిగినప్పుడు, మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు కలకత్తా విశ్వవిద్యాలయపు క్రైస్తవ ఆచార్యుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. ఒక మైనారిటీ తనకు దక్కిన రక్షణను వదులుకుని, ప్రతిగా కోరుకున్నది ప్రచార స్వేచ్ఛ, అంటే ఒప్పించే స్వేచ్ఛ మాత్రమే. కృష్ణమాచారి సాక్ష్యాన్ని ఈ నేపథ్యంలో చదవాలి.

ఈ పాయ స్వాతంత్ర్యం తర్వాత కూడా కొంతకాలం పారింది. 1947 నుంచి 1953 వరకు జెనీవాలో ప్రపంచ విద్యార్థి సమాఖ్య కార్యదర్శుల్లో ఒకరుగా ఉన్న ఎం.ఎం. థామస్, అంతకుముందు కేరళలో మార్థోమా సంఘంలో గురుపట్టానికీ, కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వానికీ దరఖాస్తు చేసుకున్నారు. రాజకీయాల కారణంగా సంఘం, విశ్వాసం కారణంగా పార్టీ ఆయనను తిరస్కరించాయి. అత్యవసర పరిస్థితిలో అనేకమంది సంఘ పెద్దలు మౌనం వహించగా, కొందరు సమర్థించగా, ఆయన మద్రాసు నుంచి వెలువడే 'గార్డియన్' వారపత్రికలో దాన్ని ఎండగట్టారు. 1992లో నాగాలాండ్ గవర్నరుగా, కేంద్రాన్ని సంప్రదించకుండా ముఖ్యమంత్రి సలహా మేరకు శాసనసభను రద్దు చేసి పదవి పోగొట్టుకున్నారు. గవర్నరు ఎవరి మాట వినాలన్న ప్రశ్న నేటికీ తెగలేదు. ఆయన తన జవాబు తాను చెప్పి వెళ్లిపోయారు.

1954లో యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడడంతో కళాశాల పరిచర్య స్వభావం మారడం మొదలైంది. దీని మూలాలు 1910లో కేంబ్రిడ్జిలో వచ్చిన చీలికలో ఉన్నాయి. పాత విద్యార్థి ఉద్యమం సామాజిక ప్రశ్నల వైపు వెళ్తూ సువార్తను పలుచన చేస్తోందని అక్కడి యువకులు విడిపోయారు. వారి ఆరోపణలో కొంత నిజముంది. కొత్త పద్ధతి సరళమైనది: హాస్టల్ గదిలో నలుగురైదుగురు, ఒక బైబిలు, అనుదిన ధ్యానం, వ్యక్తిగత నడవడి. పల్లె నుంచి మొదటిసారి నగరానికి వచ్చిన విద్యార్థికి ఆ గది ఆశ్రయం. వ్యసనాల నుంచి, ఒంటరితనం నుంచి, నిరాశ నుంచి ఎందరినో అది కాపాడింది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ శిష్యత్వం అంటే సొంత శీలమే అని స్థిరపడ్డాక, పౌరుడిగా ఏం చేయాలన్న ప్రశ్న గది బయటే ఉండిపోయింది.

ఆ ప్రశ్న తెలుగు రాష్ట్రాల్లో మరీ కఠినమైనది. ఇక్కడి క్రైస్తవ విద్యార్థుల్లో చాలామంది దళిత కుటుంబాల బిడ్డలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. ఆ జాబితాలోకి 1956లో సిక్కు దళితులు, 1990లో బౌద్ధ దళితులు వచ్చారు. క్రైస్తవులు, ముస్లింలు నేటికీ బయటే. మన రాష్ట్రాలు వారిని బీసీ-సి కింద చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇస్తున్నాయి. కులం ఊళ్లో వదలదు, కాగితం మీద మాత్రం వదిలిపోతుంది. అందువల్ల విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకోవడం ఎలాగని బైబిలు తెరిచిన విద్యార్థి, తహసీల్దారు కార్యాలయంలో ఆ విశ్వాసాన్ని దాచుకోవలసి వస్తోంది. అజరయ్య తరం విద్యార్థి సంఘాలైతే దీని మీద తీర్మానాలు చేసి, కరపత్రాలు రాసి, ఢిల్లీ దాకా నడిచి ఉండేవి. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించినప్పుడు ఆ స్థాయి చర్చ మన క్యాంపస్‌లలో వినిపించలేదు.

మరోవైపు రాజ్యం తన పట్టు బిగిస్తోంది. ఒరిస్సా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో చేసిన చట్టాలను సమర్థిస్తూ, ప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం మతం మారదలచినవారు అరవై రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలంటుంది; స్త్రీలు, దళితులు, ఆదివాసుల విషయంలో శిక్ష పెంచుతుంది. బలవంతాన్ని, మోసాన్ని శిక్షించడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆక్షేపణ అంతా ఈ చట్టాల వెనుక ఉన్న ఊహ మీదే. వయసొచ్చిన స్త్రీ గానీ, దళితుడు గానీ తనంత తానుగా ఆలోచించుకోలేరని, వారిని ఎవరో ఎటో లాక్కుపోతారని ఆ ఊహ. ఓటు వేయడానికి సరిపోయే బుద్ధి దేవుణ్ణి ఎంచుకోవడానికి సరిపోదా?

నూట తొంభై ఏళ్ల చరిత్ర ఆ ఊహను సమర్థించదు. ఒప్పించడానికి వచ్చినవారి ముందు మన విద్యార్థులు మట్టిముద్దల్లా కూర్చోలేదు. లక్ష్మీనరసు శెట్టి కాలపు కుటుంబాలు సంఘం కట్టుకున్నాయి. రాధాకృష్ణన్ తన సంప్రదాయాన్ని మళ్లీ తవ్వుకున్నారు. అజరయ్య బాప్తిస్మాన్ని ఉంచుకుని యజమానిని ప్రశ్నించారు. కృష్ణమాచారి తాను స్వీకరించని మతానికి మాట్లాడే హక్కు ఇప్పించారు. ఇంతటి వాదప్రతివాదాన్ని తట్టుకుని బలపడిన సమాజానికి, హాస్టల్ గదిలోని నలుగురి బైబిలు పఠనం వల్ల ముప్పు ఉందనడం మన పూర్వుల మేధను అవమానించడమే. ఆ నలుగురికీ ఒక మాట చెప్పవలసి ఉంది. మీరు చదివే గ్రంథాన్ని మీకన్నా ముందు చదివినవారు రౌండ్ టేబుల్ దాకా, రాజ్యాంగ సభ దాకా వెళ్లారు. తహసీల్దారు కార్యాలయం అంతకన్నా దూరమేమీ కాదు.