చాకు విప్పితే కాలం కనిపిస్తుంది

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన ఇళ్లలో కత్తిపీటకు ఉన్న పెద్దరికం చాకుకు లేదు. కానీ గడప దాటితే కత్తిపీట మన వెంట రాదు కదా! రైల్లో పిల్లవాడు జామకాయ కోసిపెట్టమని పేచీ పెడతాడు. పార్సిలుకు కట్టిన పురికొస ముడి ఎంతకీ రాదు. అప్పుడు పిన్నీసుతో పొడుస్తాం, పళ్లతో కొరుకుతాం. ఈ అవస్థ మనతో మొదలైంది కాదు. మనిషి ఇల్లు వదిలి ప్రయాణం కట్టిన నాటినుంచీ ఉన్నదే. అందులోంచి పుట్టిందే మడత చాకు.

చాకు అనగానే కొట్లాటలూ, పోట్లూ గుర్తుకొచ్చి భయపడకండి. ఇది అచ్చంగా చిల్లర పనుల కథ. ఏ కాలపు చాకును విప్పి చూసినా, ఆ కాలంవారి చిల్లర పనుల పట్టీ అందులో కనిపిస్తుంది.

మడత చాకు నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే చోట సుమారు 2500 ఏళ్లనాటి మడత చాకు దొరికింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో రోమనుల కాలపు పనిముట్టు ఒకటుంది. వెండితో చేసిన ఆ ఒక్క పిడికే చెంచా, ఫోర్కు, కత్తి, సన్నటి పుల్ల అన్నీ అమర్చారు. ఎవరో కలవారు ప్రయాణంలో భోజనానికి వాడుకుని ఉంటారు. వెండి భాగం చక్కగా నిలిచింది గానీ, పాపం, ఇనప కత్తి మాత్రం తుప్పు తినేసింది. ఈ తుప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత రాతగాళ్ల వంతు వచ్చింది. ఐరోపాలో పెద్దబాతు ఈకలతో రాసేవారు. ఈక మొన అరిగినప్పుడల్లా చెక్కుకోవాలి. అందుకు చిన్న చాకు దగ్గర పెట్టుకునేవారు. ఇంగ్లీషులో దానికి పెన్‌నైఫ్ అని పేరు వచ్చింది అందుకే. మన దేశంలో తాటాకు మీద గంటంతో రాసేవారికీ ఆకులు సమంగా కత్తిరించుకోవడానికి కత్తి కావాల్సి వచ్చేది. చదువు ఉన్నచోట చాకు ఉండేదన్నమాట!

ఇప్పుడు అసలు కథకు వద్దాం. స్విట్జర్లాండు ఇవాళ సంపన్న దేశం. కానీ 19వ శతాబ్దంలో అక్కడి కొండ ప్రాంతాల్లో పనుల్లేక కుర్రాళ్లు పరాయి దేశాలకు వలస పోయేవారు. ష్విజ్ అనేది అలాంటి ఒక బీద ప్రాంతం. అక్కడ ఈబాఖ్ అనే ఊళ్లో 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే పనివాడు కత్తుల దుకాణం పెట్టాడు. తన ఊరివాళ్లకు ఊళ్లోనే పని దొరకాలని అతని పట్టుదల.

ఆ రోజుల్లో స్విస్ సైన్యానికి కొత్త తుపాకి వచ్చింది. దాన్ని విప్పాలంటే స్క్రూడ్రైవరు కావాలి. సైనికులకు డబ్బాల్లో ఆహారం ఇస్తున్నారు, మూత కోసే సాధనం కావాలి. ఒక బ్లేడు, ఒక స్క్రూడ్రైవరు, ఒక డబ్బా ఓపెనరు, బెజ్జాలు వేసే ఒక మొన, ఈ నాలుగూ కలిపి ఒక చాకు తయారు చేయించాలనుకుంది ప్రభుత్వం. కానీ దేశంలో అన్ని చాకులు చేయగల కార్ఖానా లేదు. మొదటి చాకులు జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పించారు. మన సైన్యం చాకు మనం చేయలేమా అని ఎల్సెనర్ తోటి పనివాళ్లను కూడగట్టాడు. 1891లో సైన్యానికి తొలి చాకులు అందించాడు.

అందించాడే గానీ, గిట్టుబాటు కాలేదు. జర్మనీ కార్ఖానా యంత్రాలమీద చవగ్గా చేసి ఇచ్చేది. తోటివాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఇతను మాత్రం పట్టు వదల్లేదు, నిండా అప్పుల్లో కూరుకుపోయాడు.

గట్టెక్కించింది ఒక చిన్న ఉపాయం. చాకులో ఒక్కో పనిముట్టుకు ఒక్కో స్ప్రింగు పెడుతూ పోతే పిడి రోకలిబండంత అవుతుంది. ఎల్సెనర్ రెండే స్ప్రింగులతో ఆరు పనిముట్లు కుదిరేలా అమర్చాడు. సైనికుల చాకులో లేని చిన్న బ్లేడు, సీసా బిరడా తీసే మర చేర్చాడు. 1897 జూన్ 12న దాన్ని 'ఆఫీసర్ల చాకు'గా రిజిస్టరు చేయించాడు. ఇది సైన్యం ఇచ్చేది కాదు, ఆఫీసర్లే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. కొనుక్కున్నారు! సైనికుడి చాకులో డబ్బా ఆహారం, ఆఫీసరు చాకులో ద్రాక్షసారా సీసా. చాకు విప్పితే ఎవరి బతుకు ఏమిటో తెలిసిపోతుందన్నాను కదూ?

ఇక్కడ మనం చెవి ఒగ్గి వినవలసిన మాట ఒకటుంది. 1909లో ఎల్సెనర్ తల్లి కాలం చేసింది. ఆమె పేరు విక్టోరియా. ఆ పేరునే అతను తన సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో ఆ కంపెనీ చాకుల్లో తుప్పు పట్టని ఉక్కు వాడకంలోకి వచ్చింది. రోమనుల చాకును తినేసిన తుప్పుకు మందు దొరికింది! ఆ ఉక్కుకు ఫ్రెంచి మాటలోంచి వచ్చిన పొట్టిపేరు 'ఇనాక్స్'. అమ్మ పేరూ ఉక్కు పేరూ కలిపితే విక్టొరినాక్స్ అయింది. లోకమంతా మగవాళ్ల జేబుల్లో తిరిగే చాకు మీద ఒక తల్లి పేరుందని ఎంతమంది ఎరుగుదురు?

ఇక మన అలమారల్లో ఉండే కాగితాల కట్టరు సంగతి. 1956లో జపానులోని ఒసాకాలో యోషియో ఒకాడా అనే అతను దాన్ని కనిపెట్టాడు. అచ్చు పనిలో కాగితాలు కోసే బ్లేడు మొన దగ్గరే మొద్దుబారేది. తక్కినదంతా పదునుగా ఉండగానే పారేసేవారు. మన ఆడవాళ్లకు మల్లేనే అతనికీ ఆ దుబారా చూస్తే ప్రాణం ఉసూరుమంది. గళ్లుగళ్లుగా విరిచే చాక్లెట్టు బిళ్ల గుర్తుకొచ్చింది. బ్లేడు మీద అలాగే గీతలు పెడితే, మొద్దుబారిన ముక్క విరిచేసి కొత్త మొన తెచ్చుకోవచ్చు కదా! సాన పట్టేవాడి కోసం ఎదురుచూడక్కర్లేని కత్తి పుట్టింది అలా.

కాలం మళ్లీ మారింది. 2001 సెప్టెంబరులో అమెరికాలో విమానాల దాడులు జరిగాక, ప్రయాణికుల చేతిసంచుల్లో చాకులు నిషేధించారు. విమానాశ్రయాల్లో చాకుల అమ్మకం పడిపోయింది. విక్టొరినాక్స్‌కు పెద్ద దెబ్బే. అయినా పనివాళ్లను తీసెయ్యలేదు. కొందరిని కొంతకాలం వేరే కంపెనీలకు పనికి పంపి నిలబెట్టుకున్నారు. ఊరివాళ్లకు పని ఉండాలన్న మూలపురుషుడి మాట ఇన్నేళ్లకూ చెల్లిందన్నమాట. 2024లో ఆ కంపెనీవారే, కోసే బ్లేడు లేని పనిముట్లు కూడా తయారుచేసే ప్రయత్నంలో ఉన్నామన్నారు. చాలా దేశాల్లో వీధిలో చాకుతో తిరగడం మీద ఆంక్షలు వచ్చాయి మరి. పాతవి మానేస్తామని మాత్రం కాదు.

బ్లేడు లేని చాకేమిటి, ఉప్పు లేని పప్పులాగ, అని నవ్వకండి. డబ్బా మూతలు వచ్చినప్పుడు ఓపెనరు వచ్చింది, బిరడాలు వచ్చినప్పుడు మర వచ్చింది. జనం భయపడే రోజులొస్తే బ్లేడు తప్పుకుంటుంది. అది అవమానమేమీ కాదు. ఏ పని అవసరమో ఆ పనికి ఒదగడమే దాని గుణం. ఇంట్లో మనం చేసేదీ అదేగా!

చాకు కొంటే కోసిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి మడవండి. మడిచే కీలు దగ్గర అప్పుడప్పుడు ఒక్క చుక్క నూనె వెయ్యండి. మొద్దు కత్తి కన్నా పదును కత్తే నయం, బలం పెట్టి నొక్కితేనే జారి వేలు తెగుతుంది. విమానమెక్కేటప్పుడు చేతిసంచిలో ఉంచకుండా, సామానుకు అప్పగించే పెట్టెలో వెయ్యండి. ఇవాళ తీరిక చూసుకుని మీ సంచీ ఒకసారి బోర్లించి చూడండి. మన కాలం కథ అందులోనూ కొంత దొరుకుతుంది.