దానం గోడ మీద, వైద్యం ఎక్కడ?

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా ముందు నిలబడి భూమి అడిగింది దళితులు. 40 కుటుంబాలు, 80 ఎకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఊరి పేరు ముందు ‘భూదాన్’ చేరింది. ఇచ్చినాయన పేరు పాఠాల్లోకెక్కింది. అడిగినవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

మేధో వైకల్యం ఉన్నవాళ్లను ఉంచే హోమ్‌లలోనూ ఇదే లెక్క. అన్నం పెట్టించిన దాత పేరు గోడ మీద ఉంటుంది. లోపల ఉన్న మనిషికి ఫిట్స్ మందు ఎవరివ్వాలి, పంటి నొప్పి ఎవరు చూడాలి అంటే జవాబు దొరకదు.

ఈ గందరగోళానికి చరిత్ర ఉంది. 1912 పిచ్చివాళ్ల చట్టం మేధో వైకల్యాన్నీ పిచ్చి కిందే కట్టింది. 1987 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని విడదీసింది. అది జబ్బు కాదన్న మాట నిజమే. కానీ జబ్బు కాని మనిషికి కూడా జబ్బులొస్తాయి కదా! హోమ్ సంక్షేమ శాఖది, ఆస్పత్రి ఆరోగ్య శాఖది. మనిషి ఆ రెంటి మధ్య జారిపోయాడు.

ప్రభుత్వ వైద్యం వాళ్ల దాకా వచ్చిన సందర్భమూ ఉంది. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ హోమ్ అమ్మాయిలకు పుణె ససూన్ ఆస్పత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత కష్టమని చెప్పిన కారణం. అంటే కత్తి పడింది రోగం కోసం కాదు, చూసుకునేవాళ్ల వీలు కోసం. 2009లో చండీగఢ్ ప్రభుత్వ హోమ్ యువతి కేసులో సుప్రీంకోర్టు, ఆమె ఒప్పుకోకుండా గర్భం తీయకూడదని చెప్పాల్సి వచ్చింది.

ఇందులో కులమెక్కడుందని అడుగుతారు. భూమిలేని తల్లి బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోతే ఆ రోజు కూలి పోతుంది. రోజూ ఇంటిదగ్గరుండి చూసుకుంటే పొయ్యి వెలగదు. అందుకే ఆమెకు హోమ్ ఒక ఎంపిక కాదు, చివరి దారి. 1951లో అడిగిన భూమికీ, ఇవాళ్టి ఈ హోమ్‌కీ ఉన్న సంబంధం అదే.

2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్, ఆదాయ పరిమితికి లోబడి, దగ్గరలోనే ఉచిత వైద్యం అందించాలంటోంది, ముఖ్యంగా పల్లెల్లో. విద్యార్థి మిత్రులారా, మీ జిల్లా హోమ్‌ల మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడే ప్రశ్నలు: ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బాధ్యత? డాక్టర్ చివరిసారి ఎప్పుడొచ్చారు? ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెడుతున్నారు?

దాతలకు దండం పెట్టింది చాలు. హక్కును లెక్క అడుగుదాం.

జై భీమ్.