ఉప్పెన మింగిన కర్మకాండ

శవం లేచాక ఆడవాళ్ళు గడప దగ్గరే ఆగిపోతారు. కాటి దాకా నడిచేది మగవాళ్ళు. మా దివిసీమలో తరతరాలుగా చూస్తున్నదే ఇది. దారి మధ్యలో పాడె దింపి, కొడుకు వంగి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ఆ దింపుడు కళ్ళం దగ్గర ఎంత మొగాడు బావురుమన్నా ఎవరూ తప్పుపట్టరు. తర్వాత భుజాన నీళ్ళకుండ, చితి చుట్టూ మూడు చుట్లు, తలకొరివి, గుండు, పెద్దకర్మ భోజనాలు. నలుగురిలో ఏడవలేని మగవాడి చేతికి పెద్దలు ఇంత పని అప్పగించడంలో గొప్ప కనికరం ఉందని నా నమ్మకం.

1977 నవంబరు 19న ఆ పనికి కూడా నోచుకోలేదు మావాళ్ళు.

ఆ శనివారం తుపానుకు ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవుల మీద విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. తాడిచెట్లెక్కినవాళ్ళు, తుమ్మకొమ్మలు కరుచుకుని ముళ్ళకు ఒళ్ళంతా చీరుకుపోయినవాళ్ళు మిగిలారు. తెల్లారేసరికి చేలల్లో మనుషులూ గొడ్లూ కలిసి పడివున్నారు. ఎవరెవరో పోల్చుకునే వీల్లేక శవాలను పోగులేసి, కిరసనాయిలు పోసి కాల్చారు. పాడె లేదు. చెవిలో పిలుపు లేదు.

మా నాన్న ఆ రాత్రి తల్లినీ, మొదటి భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతి పెళ్ళికి పుట్టినవాణ్ణి నేను. నీళ్ళు తీసిన దగ్గర్నుంచీ ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని పరాయివాళ్ళ శవాలు మోశాడట. తనవాళ్ళు మాత్రం దొరకలేదు. కొన్నాళ్ళకు పురోహితుడు దర్భలతో బొమ్మలు కట్టించి దహనం చేయించాడు. "ఆ దర్భబొమ్మల్ని కూడా దింపించి, పేరుపేరునా పిలిచాడ్రా మీ నాన్న" అని మా పెదనాన్న చెబితే తెలిసింది నాకు. నాన్న నోట ఆ మాట ఏనాడూ రాలేదు. ఏటా మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట తర్పణం వదిలి వచ్చేవాడు. అందర్నీ మింగిన సముద్రానికే ఎందుకు దణ్ణం పెడతాడని చిన్నప్పుడు నాకు ఉక్రోషంగా ఉండేది.

సాయం రాకపోలేదు. మా ప్రాంత నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు పునరావాసాన్ని భుజానేసుకున్నారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ విరాళాలకు జోలె పట్టారు. మదర్ థెరిసా వచ్చారు. పక్కా ఇళ్ళు, తుపాను రక్షణ కేంద్రాలు లేచాయి. పెళ్ళాంబిడ్డలు పోయిన మగవాడికి మాత్రం మా ఊళ్ళో దక్కింది ఒకటే మాట: "జరిగిందేదో జరిగింది, మళ్ళీ పెళ్ళి చేసుకో, పొలం చూసుకో." చేసుకున్నారు. కొందరు తాగుడులో పడ్డారు. గాలి కాస్త ఎక్కువగా వీచినా నిద్రపోకుండా అరుగు మీద కూర్చునేవాళ్ళను, ఎందుకు కూర్చున్నావని పలకరించిన వాళ్ళు లేరు. ఈ విషయంలో మేమంతా తప్పు చేశాం.

నవంబరు 19 వస్తే స్మారక స్తూపానికి పూలదండలు వేస్తున్నాం. ఆనాటి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు ఇప్పుడు డెబ్బై దగ్గరపడింది. దండ వేసి వెళ్ళేవాళ్ళు ఒక పూట ఆ ముసలివాళ్ళ దగ్గర కూర్చోండి. పోయిన బిడ్డల పేర్లేమిటో, ఎలా ఉండేవాళ్ళో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.