దోర్నకల్ గుప్పెడు, నేపర్‌విల్ వంటిల్లు

షికాగోకు పడమట, డూపేజ్ నది ఒడ్డున ఉన్న నేపర్‌విల్‌లో 1966లో బెల్ ల్యాబ్స్ కేంద్రం తెరిచింది. అప్పటినుంచి అది ఇంజనీర్ల ఊరు. నేడు అక్కడ తెలుగు ఇళ్లకూ కొదవలేదు. ఇలాంటి నిండు క్రైస్తవ సంసారాల్లో దేవునికి రోజూ స్తోత్రం చెల్లించడమంటే, పడుకునే ముందు పొందిన మేళ్లను నోట్‌బుక్‌లో రాసుకోవడంగా మారుతోంది. 2003లో ఎమన్స్, మెకల్లా అనే మనస్తత్వ శాస్త్రవేత్తల అధ్యయనం వెలువడ్డాక ఈ అలవాటుకు ఎక్కడలేని ప్రచారం వచ్చింది. అందులో మేలు లేదనను. అయితే తెలుగు క్రైస్తవ సంఘం నేర్చుకున్న కృతజ్ఞత రాతతో ముగిసేది కాదు, చేత్తో తీసి ఇచ్చేది. అది పుట్టింది కూడా కలిమిలో కాదు, లేమిలో.

1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. ఆ అధ్యక్ష మండలంలోని విశ్వాసుల్లో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. డబ్బు కళ్లజూడటమే అరుదైన ఆ ఇళ్లలో ఒక ఆచారం స్థిరపడింది. అన్నం వండేటప్పుడు ఇల్లాలు కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి దేవుని కోసం వేరే ఉంచేది. కూడబెట్టిన ఆ బియ్యం గుడికి చేరేది. కోత పండుగనాడు ధాన్యం, కోళ్లు, కూరగాయలు కానుకలుగా వచ్చేవి. విదేశీ మిషన్ సొమ్ము మీద ఆధారపడని సంఘం కావాలన్నది అజరయ్య పట్టుదల. స్తోత్రం గాలిలో కలిసిపోకుండా, పొయ్యి దగ్గర, పూటపూటకూ, ఆకలి తెలిసిన చేతిలోంచి జరిగింది. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

కడుపు నిండని వాడి గుప్పెడు కూడా తీసుకోవాలా, కృతజ్ఞత పేరుతో అణగారినవాళ్లను నోరెత్తకుండా చేయడం కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూలి ఎగ్గొట్టినవాడు కూలివాడికి కృతజ్ఞత బోధిస్తే అది దుర్మార్గమే. పొలం కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు పత్రిక ఎంత కఠినంగా గద్దించిందో చూడండి. కీర్తనల గ్రంథంలో స్తుతి పక్కనే మొర కూడా ఉంది. దేవునికి వందనాలు చెప్పేవాడు అన్యాయాన్ని ఒప్పుకోవాలని బైబిలు ఎక్కడా అనలేదు. పైగా దోర్నకల్‌లో జరిగింది అణచివేతకు ఎదురుగా నడిచింది. ఊరు మిగులు కూడు పడేసి చేయి చాపేవాళ్లుగానే చూసిన మనుషులు, తమ గుడిని తామే పోషించుకునే దాతలయ్యారు. యజమాని దయకు కాక దేవుని దయకే రుణపడ్డామని తెలిసినవాడి నడుం అంత తేలికగా వంగదు.

నేపర్‌విల్‌లో జీతం నెలకోసారి బ్యాంకులో పడుతుంది, కానుకా అలాగే ఖాతాలోంచి వెళ్లిపోతుంది. ఇవ్వడం ఆగలేదు, కానీ రోజూ ఇచ్చే చేయి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలు వల్లించే స్తోత్రానికి పప్పు ప్యాకెట్టో, బియ్యం సంచో తోడైతే ఆ లోటు తీరుతుంది. చేర్చడానికి చోటు ఆ ఊళ్లోనే ఉంది. 1984లో అక్కడి సంఘాలు మొదలుపెట్టిన ఆహార వితరణ సంస్థకు లోవ్స్ అండ్ ఫిషెస్ (రొట్టెలు, చేపలు) అని పేరు పెట్టారు. ఆ పేరు వెనకున్న సువార్త ఘట్టంలో యేసు అయిదు రొట్టెలు పట్టుకుని ముందు కృతజ్ఞతలు చెల్లించాడు, వెంటనే పంచిపెట్టాడు.