బట్టను తిరగేస్తే తెలిసే కథ: భారతీయ చేతి ఎంబ్రాయిడరీ సంప్రదాయాలు

సూదితో, దారంతో బట్టపై బొమ్మలు తీర్చే విద్య మన దేశంలో దాదాపు ప్రతి ప్రాంతంలోనూ ఉంది. లక్నో చికన్, పంజాబ్ ఫుల్కారీ, బెంగాల్ కాంథా, ధార్వాడ కసూతి, కచ్ అద్దాల పని ఆయా ప్రాంతాల పేర్లతోనే ప్రసిద్ధి పొందాయి. నేడు ఇవే పేర్లతో యంత్రాలపై తయారైన వస్త్రాలు కూడా విరివిగా అమ్ముడవుతున్నాయి. ముందువైపు నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపించవచ్చు. చేతిపని ఏదో తెలియాలంటే బట్టను తిరగేసి చూడాలి. ఈ సంప్రదాయాలలో చాలా వాటికి అసలు పనితనం వెనుకవైపునే ఉంది.

వెనుక నుంచి కుట్టే పూలు

ఫుల్కారీ అంటే పూలపని. ముతక ఖద్దరుపై, పేనని మెత్తని పట్టుదారంతో దీనిని కుడతారు. పనిచేసే మహిళ బట్ట వెనుకవైపును తనకు ఎదురుగా ఉంచుకొని, పడుగు పేకల పోగులను లెక్కపెట్టుకుంటూ సూది నడుపుతుంది. పొడవాటి పట్టుపోగులు ముందువైపున తేలుతాయి. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా దిశ మార్చి కుట్టడం వల్ల ఒకే రంగు దారం వెలుతురులో భిన్న ఛాయలుగా మెరుస్తుంది. బట్ట కనిపించనంతగా కుట్టు నిండితే దానిని ‘బాగ్’ అంటారు, అంటే తోట. ‘చోప్’ అనే వస్త్రాన్ని మనుమరాలి పెళ్లి కోసం అమ్మమ్మ కుట్టడం ఆనవాయితీ. 1947 దేశ విభజనతో ఈ విద్య తెలిసిన కుటుంబాలు చెల్లాచెదరయ్యాయి. సరిహద్దు దాటి వచ్చినవారిలో కొందరు పటియాలా సమీపంలోని త్రిపురీలో స్థిరపడి దానిని నిలబెట్టారు. ఫుల్కారీ కళాకారిణి లాజవంతికి 2021లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

లక్నో చికన్‌లోని ‘బఖియా’ కుట్టు కూడా వెనుకవైపే పడుతుంది. పలుచని బట్టపై వెనుక దారాలు ఒకదానినొకటి దాటుతూ సాగుతాయి. ముందువైపున వాటి నీడ మాత్రమే కనిపిస్తుంది. ‘జాలీ’లో పోగులను కత్తిరించరు. సూదితో పక్కకు జరిపి, బిగించి, వలలాంటి కన్నాలు తెరుస్తారు. ‘ముర్రీ’, ‘ఫందా’ అనేవి బియ్యపు గింజల్లా, చిరుధాన్యపు గింజల్లా ఉబ్బెత్తుగా నిలిచే ముడులు. ఒక్క కుర్తా కత్తిరించేవారు, చెక్క అచ్చులతో నమూనా వేసేవారు, కుట్టేవారు, ఉతికేవారు ఇలా అనేక చేతులు దాటి బజారుకు చేరుతుంది.

రెండు వైపులా ఒకటే

కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతానికి చెందిన కసూతి తెలుగువారికి పొరుగు విద్య. ‘కై’ అంటే చేయి, ‘సూతి’ అంటే నూలు అని పేరుకు అర్థం చెబుతారు. నమూనా గీయకుండా, పోగులు లెక్కపెట్టి కుడతారు. దారానికి ముడి వేయరు. ‘గవంతి’, ‘ముర్గి’ కుట్లలో సూది ఒకసారి ఖాళీలు వదులుతూ వెళ్లి, తిరుగుదారిలో వాటిని పూరిస్తుంది. అందువల్ల రెండు వైపులా బొమ్మ ఒకే తీరుగా ఉంటుంది. ‘నేయ్గి’ నేతను పోలి ఉంటుంది. ‘మెంతి’ మన మెంతులే. ఇల్కల్ చీరలపై గోపురాలు, రథాలు, తులసికోటలు, ఏనుగులు ఈ కుట్లతోనే రూపుదిద్దుకుంటాయి.

హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా రుమాలు కూడా ఇటువంటిదే. పలుచని నూలుబట్టపై పహాడీ చిత్రకారులు రేఖలు గీయగా, మహిళలు పట్టుదారంతో రెండు వైపులా సమానంగా నింపేవారు. ఈ కళను కొనసాగిస్తున్న లలితా వకీల్ 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

పాత చీరలు, కొత్త రూపాలు

బెంగాల్ కాంథా మన బొంతకు తోబుట్టువు. వాడి మెత్తబడిన చీరలను, ధోవతులను పొరలుగా పేర్చి, చీర అంచుల నుంచి తీసిన దారంతోనే కుట్టేవారు. చిన్నచిన్న సాదా కుట్లు దగ్గరగా పడడంతో బట్టపై సన్నని అలలు ఏర్పడతాయి. బంగ్లాదేశ్‌లోనూ ఇది సజీవ సంప్రదాయం. జసీముద్దీన్ 1929లో ప్రచురించిన కథాకావ్యానికి ‘నక్షీ కాంథార్ మాఠ్’ అని పేరు పెట్టారు. బిహార్‌లో భుసురా గ్రామం కేంద్రంగా వికసించిన సుజనీలో వరకట్నం వంటి సామాజిక సమస్యలు కూడా కుట్టుబొమ్మలయ్యాయి.

కచ్‌లో రబారీ, ఆహిర్, ముత్వా తదితర సమాజాలకు వేర్వేరు శైలులు ఉన్నాయి. కుట్టును బట్టి ధరించినవారి సమాజాన్ని గుర్తించగలిగేవారు. పెళ్లికూతురు సారెకు కావలసిన వస్త్రాలు పూర్తయ్యేసరికి ఏళ్లు గడిచేవి, పెళ్లిళ్లు ఆలస్యమయ్యేవి. ఈ కారణంగా 1990ల మధ్యలో ఢేబరియా రబారీ పెద్దలు సొంత వాడకానికి ఎంబ్రాయిడరీ చేయడాన్ని నిషేధించారు. అక్కడి మహిళలు రిబ్బన్లు, పట్టీలు అతికి కుట్టే కొత్త పద్ధతిని కనుగొన్నారు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తండాలలో లంబాడీ మహిళల పేటియా, కాంచళి, తుక్రిలపై అద్దాలు, గవ్వలు, రంగుదారాలతో చేసే పని మనకు సుపరిచితం. ఇదే సమాజానికి చెందిన కర్ణాటక సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

పేరుకు రక్షణ, చేతికి ప్రతిఫలం

భౌగోళిక సూచికల చట్టాన్ని పార్లమెంటు 1999లో ఆమోదించగా, అది 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. రిజిస్ట్రీ కార్యాలయం చెన్నైలో ఉంది. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత పునరుద్ధరించుకోవాలి. లక్నో చికన్, కచ్ ఎంబ్రాయిడరీ, కసూతి, ఫుల్కారీ, నీలగిరి తోడాల ఎంబ్రాయిడరీ ఈ గుర్తింపు పొందిన వాటిలో ఉన్నాయి. చట్టం పేరును కాపాడుతుంది. అయితే ఇంటి వద్ద కుట్టే మహిళకు చాలాచోట్ల వస్తువు లెక్కన మాత్రమే కూలి అందుతుంది. ఆమెకూ కొనుగోలుదారుకూ మధ్య దళారులు ఉంటారు. యంత్రపు సరుకు చేతిపని పేరుతో తక్కువ ధరకు అమ్ముడైతే, ఆ నష్టం మొదట ఆమె కూలిపైనే పడుతుంది.

కొనేవారు గమనించవలసినవి

సాధారణంగా యంత్రం రెండు దారాలతో కుడుతుంది. పైదారం ముందువైపున, బాబిన్ దారం వెనుకవైపున ఉంటాయి. కాబట్టి వెనుకవైపు అంతటా ఒకే రంగు సన్నని దారం కనిపించినా, కుట్టు బిగువు కోసం అతికించిన పొర మిగిలి ఉన్నా అది యంత్రపు పనేనని అనుమానించాలి. చేతిపనిలో ఒకే దారం ముందుకూ వెనుకకూ నడుస్తుంది. ఒక పువ్వుకూ మరో పువ్వుకూ స్వల్పమైన తేడా ఉంటుంది. ఆ తేడా లోపం కాదు, చేతి గుర్తు. కాంథాలో కుట్ల పొడవు, చికన్‌లో ముడుల పరిమాణం ఆ చేతిని బట్టే మారుతుంటాయి. వస్త్రాన్ని తిరగేసి చూసి, ఎవరు కుట్టారో, ఏ ఊరిలో కుట్టారో దుకాణదారును అడగడం కొనుగోలుదారు చేయగల సులభమైన పని. ఆ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం దొరికిన చోట, చెల్లించే ధర అసలు కుట్టిన చేతికి చేరే అవకాశం ఎక్కువ.