పాత దస్తావేజుల తేదీలు, కంప్యూటర్ లెక్కలు



తమిళనాట స్థిరపడిన మన పెద్దల కాగితాల్లో తేదీ అంటే సంవత్సరం పేరు, పక్కన ఫసలీ. వాటిని ఇప్పుడు ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాం కనుక ఆ లెక్కల చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ‘ప్రభవ’ అంటే 1927 కావచ్చు, 1987 కావచ్చు. పేర్లు మనకూ తమిళులకూ ఒకటే, మొదలు వేరు. మనకు చాంద్రమాన ఉగాది, వారికి సౌరమానపు చిత్తిరై నెల. 2025లో ఉగాది మార్చి 30న, తమిళ సంవత్సరాది ఏప్రిల్ 14న వచ్చాయి. ఆ నడుమ మనకు విశ్వావసు, పక్కింటివారికి ఇంకా క్రోధి.

ఈ చిక్కు విప్పేది ఫసలీ. శిస్తు వసూలు కోసం మొగలుల కాలంలో పుట్టిన లెక్క ఇది. మద్రాసు రాజధానిలో జూలై 1న మొదలయ్యేలా స్థిరపడింది. ఫసలీ 1337 అంటే 1927 జూలై నుంచి 1928 జూన్ దాకా. కాబట్టి జూలై–డిసెంబరు తేదీలకు 590, జనవరి–జూన్ తేదీలకు 591 కలపాలి. అన్నిటికీ 590 వేస్తే సగం తేదీలు ఏడాది వెనక్కి పోతాయి.

ఇక ఎక్సెల్ 1900కు ముందు తేదీని తేదీగా తీసుకోదు, గడువు లెక్క కట్టదు.

అందుకే రెండు గడులు పెడదాం: కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఒకటి, మనం తేల్చిన ఇంగ్లీషు తేదీ మరొకటి. సత్రం స్థలం కౌలు గడువు ఎప్పుడు తీరుతుందో చెప్పేది ఆ మొదటి గడే. దాన్ని చెరిపేస్తే రేపు సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు.