మెతుకు పట్టి చూచు హక్కు: మెదక్ పట్టణమున ప్రజాధనపు లెక్కల కథ

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండ అంతయు కుమ్మరింప నక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. ఈ సంగతి మన గృహిణులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. మెదక్ పట్టణమునకు ఆ పేరు మెతుకు అను మాటనుండియే వచ్చినదని స్థానికులు చెప్పుదురు. ఆ ప్రాంతమును నేటికిని మెతుకుసీమ యనియే పిలుచుచున్నారు. ఊరి సొమ్ముతో జరుగు పనులను ఊరివారు ఆ విధముగ పట్టి చూచు హక్కు ఎట్లు సంక్రమించినది? ఆ కథను మెదక్ ఆధారముగ నేడు శ్రోతలకు విన్నవింప దలచినాము.

మెదక్‌కు పోయినవారికి మూడు కాలములకు చెందిన మూడు నిర్మాణములు కనబడును. మొదటిది కొండమీది కోట. అది కాకతీయుల నాటిది. పిదప కుతుబ్‌షాహీల యేలుబడిలోనికి వచ్చినది. రెండవది పట్టణమునకు కొంత దూరమున మంజీరా నదిపై నున్న ఘనపురము ఆనకట్ట. నిజాము ప్రభుత్వము దానిని 1905లో నిర్మించినది. మహబూబ్ నహర్, ఫతే నహర్ అను రెండు కాలువలు అచ్చట బయలుదేరి పొలములకు నీరందించుచున్నవి. మూడవది సుమారు 175 అడుగుల గోపురముతో నిలిచిన చర్చి. వెస్లియన్ మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో దాని నిర్మాణము ప్రారంభింపగా, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కరవుకాలమున ఆ పని వందలాది కుటుంబములకు కూడు పెట్టినదని ఆ ప్రాంతమువారు ఇప్పటికిని చెప్పుకొందురు.

ఈ మూడింటి లెక్కలు చూచినవా రెవరు? కోట వ్యయము రాజుగారి కోశాగారమునకు తెలియును. ఆనకట్ట వ్యయము హైదరాబాదులోని సర్కారు శాఖకు తెలియును. చర్చి వ్యయము మిషనుకును, విరాళములిచ్చిన దాతలకును తెలియును. దాతలిచ్చిన సొమ్మునకు దాతలకే లెక్క చెప్పుట సహజము. కాని కోటకును, ఆనకట్టకును వెచ్చించిన ధనము రైతు చెల్లించిన శిస్తునుండి పుట్టినదే గదా! రాయి మోసినవాడు, శిస్తు కట్టినవాడు ఆ ఊరివాడే. లెక్క అడిగినవారిలో మాత్రము అతడు లేడు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున హైదరాబాదు సంస్థానములో ఒక మార్పు వచ్చినది. భూమిశిస్తు రూపాయికి ఒక అణా వంతున స్థానికపు పన్ను విధించి, ఆ సొమ్మును బాటలు, బడులు మొదలగు వానికి వినియోగించుటకై జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను ఏర్పరచిరి. స్థానిక ధనము స్థానిక కార్యములకే యను సూత్రము ఆ విధముగ ప్రవేశించినది. అయితే జిల్లా బోర్డునకు అధ్యక్షుడు అవ్వల్ తాలూక్‌దారు, అనగా నేటి కలెక్టరు వంటి అధికారి. అనధికార సభ్యులున్నను వారిని నియమించునది సర్కారే. ఖర్చు చేయు చేయి, లెక్క చూచు కన్ను ఒకే దేహమునకు చెందియుండెను.

ఆ కాలముననే మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు వేరొక దారిన నడచుచుండెను. భీమునిపట్నమున 1861 నాటికే పురపాలక సంఘము వెలసినది. 1882 మే 18న రిపన్ ప్రభువు స్థానిక పరిపాలనను గూర్చి చేసిన తీర్మానము, దానిననుసరించి 1884లో వచ్చిన మదరాసు పురపాలక చట్టము ఎన్నికలకు ద్వారములు తెరచినవి. కాని సంఘమున్నంత మాత్రమున ప్రజలకు తృప్తి కలుగలేదనుటకు చీరాల–పేరాల ఉదంతమే సాక్ష్యము. 1919లో ప్రభుత్వము ఆ గ్రామములను పురపాలక సంఘముగ మార్చెను. పన్నులు పెరిగినవి, మార్పు కావలెనని మాత్రము ప్రజలు కోరియుండలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో వేలమంది జనులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. సమ్మతిలేని పన్ను ఎంత చేదో ఆ పాకలు లోకమునకు చాటినవి.

హైదరాబాదు నగరమున సైతము 1934లో కార్పొరేషనుకు ఎన్నికలు జరిగినవి. 1942లో ఆ హోదాయే తొలగింపబడినది. జిల్లాలలోని పట్టణములకు ఎన్నికైన సంఘములు నిజముగ అందుబాటులోనికి వచ్చినది 1948 తరువాతనే. 1951లో హైదరాబాదు పురపాలక, పట్టణ సంఘముల చట్టము, 1956లో జిల్లా పురపాలక సంఘముల చట్టము వచ్చినవి. రాష్ట్రావతరణానంతరము ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములు రెండింటికిని వర్తించునట్లు 1965లో ఒకే పురపాలక చట్టము అమలులోనికి వచ్చినది. దానితో మెదక్ వీధిలోని వాడును, భీమునిపట్నము వీధిలోని వాడును ఒకే చట్టము క్రింద తమ ఊరి బడ్జెట్టును ప్రశ్నింపగలిగిరి.

ప్రశ్నించుట యనగా నేమి? ఒక మురుగుకాలువను తీసికొందము. ముందు ఇంజనీరు అంచనా వేయును. దానికి మంజూరు కావలెను. పిమ్మట టెండరు పిలిచి, వచ్చిన ధరలు పోల్చి, కంట్రాక్టరుతో ఒడంబడిక వ్రాసికొందురు. పని జరుగుచుండగ ఇంజనీరు కొలతలు తీసి, పుటలకు వరుస సంఖ్యలు గల కొలతల పుస్తకములో నెక్కించును. ఆ కొలతలనుబట్టి బిల్లు, బిల్లునుబట్టి సొమ్ము. ఈ మెట్లలో కౌన్సిలు కన్ను ముఖ్యముగ మొదటి మెట్లపై నుండవలెను. ఈ కాలువ ఈ వీధికే యేల? ఈ అంచనా ఇంత యేల? టెండరు ఒక్కటే వచ్చినచో మరల యేల పిలువలేదు? ఈ ప్రశ్నలు సొమ్ము చెల్లించుటకు ముందు అడిగిన ఫలమిచ్చును. మట్టి కప్పి, సిమెంటు పూసిన తరువాత పునాది లోతు ఎవరికిని కనబడదు. అప్పుడు కొలతల పుస్తకము చెప్పినదే సత్యము.

సొమ్ము చెల్లించిన పిదప వచ్చునది ఆడిట్. ఆంధ్రప్రదేశ్‌లో 1989లో ఇందులకు ప్రత్యేక చట్టమే చేసిరి. ఆడిటరు ఆక్షేపణ వ్రాయును, సంజాయిషీ అడుగును, అక్రమముగ పోయిన సొమ్మును బాధ్యులనుండి రాబట్టుటకును మార్గము కలదు. అయినను ఆడిట్ ఆలస్యముగ వచ్చును. వచ్చినను అన్ని పద్దులను చూడలేదు. కొన్నింటిని ఏరి పరీక్షించును.

ఇచ్చట మన సామెతను కొంచెము విచారింపవలసియున్నది. కుండలోని బియ్యమంతయు ఒకే మంటపై ఉడుకును గనుక ఒక్క మెతుకు చాలుచున్నది. ఊరిపనులు అట్టివి కావు. ఒక్కొక్క వీధి పని ఒక్కొక్క పొయ్యిమీద ఉడుకును. బజారు రోడ్డు చక్కగ నున్నదని వెనుకవీధి కాలువయు చక్కగ నుండునని చెప్పజాలము. ఆడిటరు పట్టని మెతుకును ఆ వీధివారే పట్టి చూడవలెను.

అట్లు చూచుటకు చట్టము క్రమక్రమముగ తోడు వచ్చినది. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘములకు రాజ్యాంగములోనే స్థానము కల్పించి, అయిదేండ్ల కాలపరిమితిని నిర్ణయించినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము మరియొక అడుగు వేసినది. దాని ప్రకారము పౌరుడు కాగితముల ప్రతులు కోరుటయే గాక, పని జరుగుచోటును తనిఖీ చేయవచ్చును. వాడిన సామగ్రి మచ్చును సైతము కోరవచ్చును. మచ్చు అనగా మన మెతుకే గదా! 2019 తెలంగాణ పురపాలక చట్టము ప్రతి వార్డునకును యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు అను నాలుగు వర్గముల సంఘములను ఏర్పరచినది.

హక్కులు పెరిగినవి, పని కూడ పెరిగినది. జిల్లా పేరు మెదక్ అయినను చిరకాలము కార్యస్థానము సంగారెడ్డిలో నుండెను. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో మెదక్ పట్టణమే జిల్లా కేంద్రమైనది. 2022 సెప్టెంబరులో అక్కన్నపేటనుండి సుమారు 17 కిలోమీటర్ల రైలుమార్గము వచ్చినది. దాని వ్యయమును కేంద్రము, రాష్ట్రము పంచుకొనినవి. ఆ లెక్క పురపాలక సభ ముందునకు రాదు. పైనుండి వచ్చు గ్రాంటులకు ఏ పనికి వాడవలెనో షరతులుండును. బడ్జెట్టులో పదవ వంతు పచ్చదనమునకే కేటాయింపవలెనని 2019 చట్టము నిర్ణయించినది. జీతములు, విద్యుత్తు ఖర్చులు పోగా కౌన్సిలు స్వేచ్ఛగ నిర్ణయింపగల భాగము చిన్నది. చిన్నదని ఉపేక్షింతుమా? ఇంటిపన్నుతో, నీటి పన్నుతో ఊరివారు నేరుగ చెల్లించిన సొమ్ము అందే యున్నది.

కోట కట్టినవారిని అడుగు హక్కు మెదక్ పూర్వులకు లేదు. ఆనకట్ట నాటివారికిని లేదు. నేటివారికి కలదు. కావున ఇంటిపన్ను రసీదు భద్రపరచుకొనువారందరు, ఏ పట్టణమువారైనను, బడ్జెట్టు దినములలో తమ వార్డు ప్రతినిధినో, పురపాలక కార్యాలయమునో రెండు ప్రశ్నలడుగుదురు గాక: మా వీధికి నిరుడు మంజూరైన పని యేది? దాని కొలతలు తీసినదెవరు, సరిచూచినదెవరు? ప్రత్యుత్తరము వ్రాతమూలకముగ కోరుట మరువరాదు.